రంగాపూర్ వేధశాల: గుడా, బడా?

చారిత్రక కట్టడం అనగానే మన కళ్ళముందు మెదిలేవి కోటలు, దేవిడీలు, గోపురాలు, గుంబజులు. రాయీ సున్నమూ వుండి, రెండు మూడు వందల ఏళ్ళ వయస్సు వుండి, ఎవరో ఒక ప్రభువు అందులో పుట్టో గిట్టో వుంటే తప్ప ఒక ఇల్లు చరిత్రకెక్కదని మన నమ్మకం. ఈ నమ్మకం మనకు పాఠ్యపుస్తకాల నుంచి వచ్చింది. పాఠ్యపుస్తకాలకు ప్రభువుల దగ్గర నుంచి వచ్చింది. అందుకనే ఇబ్రహీంపట్నంలో చూడదగ్గ చారిత్రక విశేషమేమిటని ఎవరినడిగినా, కుతుబ్ షాహీ పాలకుడు ఇబ్రహీం కాలం నాటి పెద్ద చెరువును చూపిస్తారు. చూపించవలసిందే. ఆ చెరువు కింద ఎన్ని తరాల రైతులు బతికారో లెక్కలేదు. కాని అక్కడికి దగ్గరలోనే, మంచాల మండలంలో, జాపాల, రంగాపూర్ అనే రెండు పల్లెల పేర్లు మోస్తూ ఒక గుమ్మటం వుంది. దాని వయస్సు అరవై ఏళ్ళు కూడా నిండలేదు. అందులో ఏ ప్రభువూ పుట్టలేదు, గిట్టలేదు. రాత్రంతా మేలుకొని పనిచేసిన మనుషులు మాత్రం వున్నారు. అది ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల–రంగాపూర్ వేధశాల. అదీ చారిత్రక కట్టడమేనని నేనంటాను. అంతేకాదు, స్వతంత్ర భారతదేశంలో ప్రజాధనంతో మన పల్లెలో లేచిన విజ్ఞాన భవనం గనక, అది మన చరిత్రకు ఏ దేవిడీ కన్నా దగ్గరి చుట్టమని కూడా అంటాను.

ఈ వేధశాలను బాగుచేసి, దాన్ని విజ్ఞాన ప్రదర్శనశాలగా మార్చాలన్న మాట కొన్నేళ్ళుగా వినబడుతూ వుంది. విన్నవాళ్ళందరూ సంతోషిస్తారు. నేనూ సంతోషిస్తాను. శిథిలమయ్యే గోడలు నిలబడటం మంచిదే. అయితే అభ్యుదయాన్ని కోరే వాళ్ళు ఇంతటితో సంతోషించి వూరుకోకూడదు. బాగుచేయడం అంటే దేన్ని బాగుచేయడం? గోడలనా, గుమ్మటాన్నా, పనినా? ఒక పనిముట్టును గాజు పెట్టెలో పెట్టి దీపం వెలిగిస్తే అది విజ్ఞానానికి చేసిన గౌరవమా, ఉత్తరక్రియా? ఈ ప్రశ్న వేసుకోకుండా మొదలుపెట్టిన మ్యూజియం ఏదైనా చివరికి ఒక గుడిగా తేలుతుంది.

ముందు ఈ వేధశాల పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. దీని తల్లి హైదరాబాదులోని నిజామియా వేధశాల. నవాబు జఫర్ జంగ్ అనే హైదరాబాదు అమీరు 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపును తెప్పించి, నగరంలోని తన ఎస్టేటులో పెట్టించాడు. ఆయనకు ఆకాశం మీద నిజమైన ఆసక్తే వుండేది. వేట మీదా విందుల మీదా డబ్బు తగలేసిన తోటి అమీర్లకన్నా ఆయన నయమే. కాని ఆ టెలిస్కోపు వెల ఆయన చెమటోడ్చి సంపాదించింది కాదు. అమీరుల ఆదాయం జాగీర్లనుంచి, జాగీర్ల ఆదాయం రైతు కష్టంనుంచి వచ్చేదని హైదరాబాదు సంస్థానపు చరిత్ర చదివిన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదు చుట్టూ వున్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూమి. నక్షత్రాలను చూసిన ఆ కంటి వెనుక వెట్టిచేసిన చేతులు వున్నాయి. మ్యూజియంలో తగిలించే మొట్టమొదటి పలకమీద ఈ మాట వుండాలని నా కోరిక.

జఫర్ జంగ్ 1907లో చనిపోయాక, 1908లో వేధశాలను నిజాం ప్రభుత్వం తీసుకుంది. అది బేగంపేటకు మారింది. అప్పుడు ఆర్థర్ చాట్‌వుడ్ దానికి డైరెక్టరుగా వచ్చాడు. ఆయన తరవాత పోకాక్, ఆ తరవాత టి. పి. భాస్కరశాస్త్రి పనిచేశారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఇక్కడ జరిగిన పనిలో ముఖ్యమైనది ఏ నవాబు పేరూ లేని పని. 1887లో పారిస్‌లో ప్రపంచ ఖగోళశాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశాన్నంతా ముక్కలుగా పంచుకొని, ఫొటోలు తీసి, ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలిచి, ఒక మహా పట్టిక తయారు చేయాలని నిశ్చయించారు. దక్షిణార్ధగోళంలో మైనస్ 17 డిగ్రీల నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా వున్న పట్టీ మొదట చిలీ దేశంలోని శాంటియాగో వాటాకు వచ్చింది. వాళ్ళు చేయలేకపోగా ఆ వాటా హైదరాబాదుకు వచ్చింది. ఆ పని 1940ల దాకా సాగింది. 7,63,000కు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి, సంపుటాలుగా అచ్చువేశారు.

ఏడు లక్షల అరవై మూడు వేలు! ఈ సంఖ్యను ఒక్కసారి నిమ్మళంగా తలచుకోవాలి. గాజు పలకమీద పడ్డ నల్లని చుక్క దగ్గర సూక్ష్మదర్శిని ఆనించి, దానికి అటూ ఇటూ వున్న గీతలనుంచి ఎంత దూరాన వుందో చూసి, కాగితం మీద వేసి, మళ్ళీ ఇంకో చుక్క. గంటలు గంటలు, ఏళ్ళు ఏళ్ళు. ఇది మేధావి పని అని ఎవరూ అనరు. గుమాస్తా పని అంటారు. కాని విజ్ఞానశాస్త్రం చాలామటుకు ఇట్లాంటి పనితోనే నడుస్తుంది. ఈ పని చేసిన సహాయకులలో ఒకరి కుమారుడే వేణు బప్పు. హైదరాబాదులో పెరిగి, ఆ వేధశాల ఆవరణలోనే ఆకాశాన్ని చూడనేర్చి, తరవాతి కాలంలో భారత ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కైనవాడు. కొడుకు పేరు కావలూరు టెలిస్కోపుకు వుంది. తండ్రి తరం సహాయకుల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఇదే మహా పట్టికలో వాటికన్ వేధశాల వాటాకు సంబంధించి 4,80,000కు పైగా నక్షత్రాలను కొలిచినవాళ్ళు నలుగురు సన్యాసినులు. నూరేళ్ళపాటు వాళ్ళు ఫొటోలో నాలుగు ముసుగులు మాత్రమే. పాత కాగితాలు తిరగేసి వాళ్ళ పేర్లు బయటపెట్టింది 2016లో. మత పీఠమే ఆ పని చేయగలిగినప్పుడు, ప్రజల విశ్వవిద్యాలయం చేయలేదా? కొలత పుస్తకాలు వెతకాలి, జీతాల రిజిస్టర్లు వెతకాలి, దొరికిన ప్రతి పేరునూ గోడకెక్కించాలి. రాజులూ డైరెక్టర్లూ ఎట్లాగూ గోడమీద వుంటారు.

ఆ గుమాస్తా పనికి ఫలితమేమిటని అడుగుతారేమో. పట్టిక పూర్తయ్యేసరికే అది పాతబడిందని అనుకున్నవాళ్ళున్నారు. కాని 1989లో హిప్పార్కస్ అనే ఉపగ్రహం ఎగిరి, నక్షత్రాల స్థానాలను కచ్చితంగా కొలిచాక, ఒక సంగతి తేలింది. నక్షత్రం ఎంత కదిలిందో తెలియాలంటే ఇప్పుడెక్కడ వుందో తెలిస్తే చాలదు. అప్పుడెక్కడ వుందో తెలియాలి. ఆ ‘అప్పుడు’ ఎక్కడ దొరుకుతుంది? ఈ పాత పట్టికల్లోనే దొరికింది. 2000లో వెలువడిన టైకో–2 పట్టికలోని 25 లక్షల నక్షత్రాల చలనాలను లెక్కకట్టడానికి హైదరాబాదు కొలతలతో సహా ఆ పాత వేధశాలల కొలతలన్నీ పనికివచ్చాయి. నిజాయితీగా చేసిన కొలతకు చావు లేదు. విద్యార్థికి ఇంతకన్నా గొప్ప పాఠం మరొకటి లేదనుకుంటాను.

ఇక రంగాపూర్ సంగతి. బేగంపేట నగరంలో కలిసిపోయి దీపాల వెలుగు ఎక్కువయ్యేసరికి, దూరంగా మరో చోటు కావలసివచ్చింది. అక్బర్ అలీ డైరెక్టరుగా వున్న రోజుల్లో, అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని ఫెకర్ కంపెనీ నుంచి 48 అంగుళాల టెలిస్కోపు తెప్పించే ఏర్పాటు జరిగింది. దాన్ని నిలబెట్టేనాటికి ఆయన లేడు. ఆయన తరవాత కె. డి. అభ్యంకర్ ఆ బరువు ఎత్తుకున్నాడు. 1964లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఉస్మానియాలో ఖగోళశాస్త్ర ఉన్నత అధ్యయన కేంద్రాన్ని గుర్తించింది. 1968లో రంగాపూర్‌లో టెలిస్కోపు పనిలోకి వచ్చింది. అప్పటికి మన దేశంలో వున్నవాటిలో అదే పెద్దది. ఈసారి ఖర్చు నవాబుది కాదు, ప్రజలది. మరోసారి చెబుతాను: పార్లమెంటు 1958లో విజ్ఞాన విధాన తీర్మానం చేసుకొన్న దేశంలో, పదేళ్ళు తిరిగేసరికి, తెలంగాణా పల్లెలో, దేశంలోకెల్లా పెద్ద టెలిస్కోపు. 1951 దాకా రైతాంగ పోరాటం సాగిన తెలంగాణాకు ఈ గుమ్మటం రావడానికి మధ్య గడిచింది పదిహేడేళ్ళు మాత్రమే. ఇది చరిత్ర కాకపోతే మరేది చరిత్ర?

అక్కడ జరిగిన పని గురించి రెండు మాటలు. ఆకాశంలో ఒంటరిగా కనబడే నక్షత్రాల్లో చాలామటుకు జంటలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఆ తిరిగే తలం మన చూపు రేఖ వెంబడే వుంటే, ఒకటి రెండోదాన్ని మరుగుపరచినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను పరికరంతో కొలిచి గీత గీస్తే, ఆ గీతలో నుంచి రెండు నక్షత్రాల పరిమాణాలూ, వాటి మధ్య దూరాల నిష్పత్తీ బయటికి లాగవచ్చు. ఎన్నడూ చేరలేని వాటిని, చుక్కగా తప్ప చూడలేని వాటిని, నీడను బట్టి కొలవడం ఇది. రంగాపూర్‌లో ఏళ్ళ తరబడి జరిగింది ముఖ్యంగా ఈ పనే.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. చంద్రుడి నీడ సరిగ్గా రంగాపూర్ మీదుగా పోయింది. శాస్త్రజ్ఞులు అక్కడ పరికరాలు బిగించుకొని కూచున్నారు. అదే సమయంలో దేశంలో అనేక నగరాల వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు బోసిపోయాయి. చదువుకున్నవాళ్ళు కూడా తలుపులు బిగించుకొని, కిటికీలకు దుప్పట్లు కట్టి కూచున్నారు. ఒకే నీడకింద ఒకచోట కొలత, మరోచోట భయం! ఆ రోజు పొలంలో వున్న పెద్దాయనొకడు మంచాల దగ్గర నాతో అన్నాడు: “గా దినం పక్షులన్ని గూళ్ళకు వోయినయి సారూ. నేను మాత్రం వోలేదు. అంతంత చదువుకున్నోళ్ళు బైట నిలవడి సూస్తున్నరు, మనకేమైతదని నిలవడ్డ.” ఈ మాటలో వున్న సత్యాన్ని గమనించండి. ఆయనకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. కరపత్రం పంచలేదు. విజ్ఞానం తన పొలం గట్టుదాకా వచ్చి పని చేస్తూంటే చూశాడు, భయం పోయింది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలోకి ఎక్కించుకున్నాం. ఆ విధి నెరవేరేది ఇట్లా.

తరవాతి కథ తెలిసినదే. పెద్ద అద్దాలు వచ్చాయి, కొత్త గ్రాహకాలు వచ్చాయి. నగరం దీపాలు పట్టుకొని వెంబడించి వచ్చింది. టెలిస్కోపు అద్దం అంటే గాజు అనుకుంటాం గాని, నిజానికి పనిచేసేది గాజు మీద పూసిన అల్యూమినియం పొర. దాని మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. అది మాసిపోతుంది. గాలి తీసేసిన గదిలో పెట్టి మళ్ళీ మళ్ళీ పూత పూయాలి. అందుకు మనుషులు కావాలి, ఏటేటా డబ్బు కావాలి. ప్రారంభోత్సవాలకు డబ్బు దొరికినంత సులభంగా పూతలకు దొరకదు. రిబ్బను కత్తిరించేవాడి ఫొటో పత్రికలో పడుతుంది. అద్దం తుడిచేవాడి ఫొటో పడదు. గుమ్మటం కింద పని సన్నగిల్లడానికి కారణం ఏ ఒక్క మనిషి సోమరితనమో కాదు. పనిని నిలబెట్టే ఖర్చును ఖర్చుగా గాని పెట్టుబడిగా చూడని వ్యవస్థ స్వభావం అది.

కట్టడాలు ఎట్లా పోతాయో, ఎట్లా మిగులుతాయో మన తెలుగు దేశంలోనే చూడవచ్చు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో ఒక వేధశాల పెట్టాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని దశాబ్దాలపాటు నడిపాడు. ఇవాళ డాబా గార్డెన్స్ అనే పేరు మిగిలింది, వేధశాల మిగలలేదు. ఆ పేరు పలికేవాళ్ళలో వేయింటికి ఒక్కడికైనా ఆ సంగతి తెలుసా అని నా సందేహం. మద్రాసులో 1792లో కట్టిన వేధశాల పోయింది గాని, దాని టెలిస్కోపును మోసిన రాతిస్తంభం మిగిలింది. దానిమీద వున్న శాసనం లాటిన్, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగులోనూ వుంది. మనవాళ్ళకు శాసనం మిగిలింది, శాస్త్రం ఊరు విడిచిపోయింది. ఇక ఫలక్‌నుమా సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ దేవిడీని ఎంతో ముచ్చటగా బాగుచేశారు. 2010 నుంచి అది ధనవంతుల హోటలు. లాభం కనబడే చోట రాయి తనంతట తానే నిగనిగలాడుతుంది.

మరి మ్యూజియం అంటే ఎట్లా వుండాలి? ఒక మంచి ఉదాహరణ చెబుతాను. 1937లో, ఫ్రాన్సులో ప్రజాఫ్రంటు ప్రభుత్వం వున్న రోజుల్లో, పారిస్‌లోని గ్రాండ్ పాలే అనే పాత భవనంలో ఒక భాగాన్ని విజ్ఞాన ప్రదర్శనశాలగా మార్చారు. దాని పేరు అన్వేషణ సౌధం. దాన్ని తలపెట్టినవాడు జాఁ పెరాఁ. అణువులు నిజంగా వున్నాయని ప్రయోగాలతో రుజువుచేసి 1926లో నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రజ్ఞుడు, ఫాసిజాన్ని ఎదిరించినవాడు. ఆయన పాత యంత్రాలను వరుసగా పేర్చి ‘ముట్టుకోరాదు’ అని పలకలు తగిలించలేదు. శాస్త్రజ్ఞులూ విద్యార్థులూ జనం ఎదుట నిలబడి, ప్రయోగాలు చేసి చూపించారు. ఫలితాన్ని గాక, ఫలితం పుట్టే విధానాన్ని జనం కళ్ళముందు పెట్టడం ఆయన ఉద్దేశం. 1900లో పెట్టుబడిదారీ వైభవాన్ని చాటడానికి కట్టిన భవనం కార్మికుడి పిల్లలు ప్రయోగాలు చూసే చోటయింది. కట్టడాన్ని మార్చడం అంటే అది.

గుడికీ బడికీ తేడా ఏమిటి? గుడిలో చూసి దణ్ణం పెడతాం. బడిలో చూసి ప్రశ్న అడుగుతాం. టెలిస్కోపు చుట్టూ ఇత్తడి గొలుసు కట్టి, దానిపై నీలి దీపం వేసి, ‘ఆసియాలోకెల్లా’ అంటూ మొదలయ్యే గొప్ప వాక్యం రాసి, పిల్లలను ఒక వాకిట్లోంచి పంపి మరో వాకిట్లోంచి తోలితే, అది ప్రదక్షిణమే అవుతుంది. అందులోంచి బయటికి వచ్చిన పిల్లవాడు విజ్ఞానాన్ని నమ్ముతాడు. నమ్మడమే ప్రమాదం. నిన్న బాబాను నమ్మినట్టు నేడు టెలిస్కోపును నమ్మినవాడు, రేపు ఎవరైనా ఇంతకన్నా మెరిసే వస్తువు చూపిస్తే దాన్నీ నమ్ముతాడు. పురాణాల్లో విమానాలున్నాయని సభల్లో చెబితే చప్పట్లు కొట్టేవాళ్ళు మ్యూజియాలు చూడనివాళ్ళు కారు. చూశారు, కొలవలేదు.

కొలవడం అంటే ఏమిటో ఒక అనుభవం చెబుతాను. ఇబ్రహీంపట్నం ప్రాంతంలో భౌతికశాస్త్రం చెబుతున్న రోజుల్లో, పిల్లలకు ఒక చిన్న పని అప్పగించాను. అరచేతి అద్దానికి కాగితం అతికించి, కాగితంలో చిన్న చిల్లు పెట్టి, ఎండలో ఉంచి, ఆ వెలుగును చీకటి గదిలో గోడమీద పడేటట్టు తిప్పమన్నాను. పడింది గుండ్రని వెలుగు. చిల్లును చతురస్రంగా కోసినా గుండ్రంగానే పడింది. అది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి బింబమే. అద్దంనుంచి గోడకు పది మీటర్లు. బింబం అడ్డుకొలత స్కేలుతో కొలిస్తే తొమ్మిది సెంటీమీటర్లకు పైచిలుకు. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరాన వున్నాడు గనక, త్రైరాశికం వేస్తే సూర్యుడి అడ్డుకొలత సుమారు పద్నాలుగు లక్షల కిలోమీటర్లు. పుస్తకం తెరిచి చూస్తే అంతే వుంది! బీడీ చుట్టే తల్లుల పిల్లలు, పత్తి ఏరే తల్లుల పిల్లలు, పైసా ఖర్చులేని అద్దంతో సూర్యుణ్ణి కొలిచారు. అందరూ కేకలు వేశారు. ఒక్క పిల్ల మాత్రం వేయలేదు. లేచి నిలబడి అడిగింది: “సార్, సూర్యుడు పదిహేను కోట్ల దూరముండని గదెవరు కొల్సిండ్రు?”

ఆ ఒక్క ప్రశ్నలో మ్యూజియం మొత్తం వుంది. దానికి జవాబు చెప్పాలంటే వేలు ఎదురుగా పట్టుకొని, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి, మళ్ళీ మార్చి చూడమనాలి. వేలు వెనుక గోడమీద జరిగినట్టు కనబడుతుంది. అట్లాగే భూమ్మీద దూరదూరంగా వున్న ఇద్దరు, శుక్రుడు సూర్యబింబాన్ని దాటుతుండగా చూస్తే, ఇద్దరికీ ఆ దారి కొద్దిగా తేడాగా కనబడుతుంది. ఆ తేడానుంచి సూర్యుడి దూరం లెక్కకట్టవచ్చు. 1874 డిసెంబరు 9న అట్లా దాటినప్పుడు ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు కాచుకొని చూశారు. విశాఖపట్నంలో నరసింగరావు చూశాడు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి, ఆ సంఘటన అంటే ఏమిటో సామాన్యులకు తెలియాలని ముందే దేశభాషల్లో చిన్న పుస్తకం తెచ్చాడు. పంచాంగాలు కట్టే కుటుంబంలో పుట్టి, 1867లో వెలుగు మారే ఒక నక్షత్రాన్ని కనిపెట్టినవాడు ఆయన. తన పంచాంగాన్ని తానే కొలతలతో సరిదిద్దాలని వాదించినవాడు. బడిపిల్ల ప్రశ్నకు జవాబు లండనులోనే కాదు, విశాఖలోనూ మద్రాసులోనూ వుంది. మన మ్యూజియాలు ఆ దారి చూపించకపోతే ఇంకెవరు చూపిస్తారు?

కాబట్టి రంగాపూర్ మ్యూజియం గురించి నేను కోరేది ఇది. గుమ్మటం తెరుచుకోవాలి. అద్దానికి పూత పడాలి. నగరపు వెలుగువల్ల మసక నక్షత్రాలు కనబడకపోవచ్చు. ప్రకాశవంతమైనవి వున్నాయి గదా. ఆల్గాల్ అనే నక్షత్రం రెండు రోజుల ఇరవై ఒక్క గంటలకోసారి వెలుగు తగ్గి మళ్ళీ పెరుగుతుంది. దాన్ని వట్టి కంటితో కనిపెట్టవచ్చు. ఒకప్పుడు అక్కడ పరిశోధకులు చేసిన పనినే, పాత టెలిస్కోపుకు నేటి చవక గ్రాహకాలు తగిలించి, డిగ్రీ విద్యార్థులు చేయవచ్చు. పాత గీత పక్కన కొత్త గీత గీసి, యాభై ఏళ్ళలో ఆ జంట ఏమైనా మారిందా అని చూడవచ్చు. అప్పుడది మ్యూజియం, బడి, వేధశాల మూడూ అవుతుంది. ప్రదర్శన మొత్తం ముందు తెలుగులోనూ ఉర్దూలోనూ వుండాలి, ఇంగ్లీషు తరవాత. జాపాల, రంగాపూర్ పిల్లలకు టికెట్టు వుండకూడదు. వివరించి చెప్పే ఉద్యోగాలు మొదట ఆ మండలపు యువకులకూ యువతులకూ ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, చుట్టూ వున్న భూమి చుక్కల కోసం కేటాయించింది గనక, ప్లాట్ల కోసం కరిగిపోకూడదు. ఆ ప్రాంతంలో ఇవాళ ఎకరం ధర చెబితే నక్షత్రాల దూరాలు చిన్నబోతాయి.

దీనికి ఒక ఆక్షేపణ వుంది. అది ప్రగతిశీలుర నుంచే వస్తుంది గనక మర్యాదగా వినాలి. “సర్కారు బడుల్లో ప్రయోగశాలలు లేవు, చాలాచోట్ల సైన్సు పంతులే లేడు. ఈ డబ్బు వాటికి పెట్టరాదా? ఆకలిగొన్నవాడికి నక్షత్రాలెందుకు?” అంటారు. బడుల్లో ప్రయోగశాలలు కావాలన్నది నిజం. దానికోసం కొట్లాడవలసిందే. కాని ఇది ఒకటి కావాలంటే రెండోది వదులుకోవలసిన బేరం అని ఎవరు చెప్పారు? ఆ బేరం పెట్టేది ఎప్పుడూ పై వాళ్ళే. మనం దాన్ని మన వాదంగా భుజాన వేసుకోనక్కరలేదు. పేదవాడికి అన్నం చాలు, ఆకాశం అక్కరలేదనడం దయలాగా కనబడుతుంది గాని, అందులో అమీరు గొంతు వుంది. జఫర్ జంగ్ టెలిస్కోపులో రైతు డబ్బుంది. రైతు కన్ను లేదు. ఆ లెక్క సరిచేయడమే ఇప్పుడు మిగిలిన పని.

ఇంకో మాట. ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్లలో ఇవాళ విమానాలకూ హెలికాప్టర్లకూ భాగాలు తయారయ్యే ఫ్యాక్టరీలు వున్నాయి. చుట్టుపక్కల పల్లెల యువకులు వాటికేసి ఆశగా చూస్తారు. మంచిదే. కాని ఎగిరే యంత్రానికి మర బిగించినంత మాత్రాన మనిషి బుద్ధికి రెక్కలు రావు. పగలు విమానానికి మర బిగించి, రాత్రి గ్రహణానికి గర్భిణిని చీకటి గదిలో కూచోబెట్టే మనిషిని యంత్రయుగం సులభంగానే తయారు చేసుకుంటుంది. దానికి కావలసింది చెయ్యి, ప్రశ్న కాదు. ప్రశ్నను తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి కూడా అదే ప్రాంతంలో వుండాలి. పునాదులు కొత్తగా తవ్వనక్కరలేదు. ప్రజలు ఇదివరకే డబ్బు చెల్లించి కట్టుకున్నారు.

ఉపాధ్యాయులూ విద్యార్థులూ అయిన మన పాఠకులు ఈ విషయాన్ని ఇంజనీర్లకూ కాంట్రాక్టర్లకూ వదిలిపెట్టకూడదు. మ్యూజియానికి పథకం గీసేటప్పుడే మాట్లాడాలి. సున్నం కొట్టాక మాట్లాడి లాభం లేదు. మీ కాలేజీల నుంచి, మీ సంఘాల నుంచి ఉత్తరాలు వెళ్ళాలి. పాత కొలత పుస్తకాలు ఎక్కడున్నాయో అడగండి. ఆ పుస్తకాలు నింపినవాళ్ళ పేర్లు అడగండి. గుమ్మటం ఎన్ని రాత్రులు తెరుస్తారో, అద్దం పూతకు ఏటా ఎంత కేటాయిస్తారో, పూత పూసే మనిషికి పక్కా ఉద్యోగం ఇస్తారో లేదో అడగండి. జవాబు రాకపోతే మళ్ళీ అడగండి. శాస్త్రం మొదలయ్యేది అడగడంతోనే గనక, ఆ మ్యూజియంలో మొదటి ప్రదర్శన మీ ప్రశ్నే అవుతుంది.